నింద పప్పు మీద, అసలు సంగతి కట్టులో: కిడ్నీ జబ్బున్నవారికి శాకాహారం

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం) పెరిగిందని రిపోర్టు వచ్చిన రోజు నుంచే ఇంట్లో వంట మారిపోతుంది. పప్పు వద్దు, ఆకుకూరలు వద్దు, పండ్లు వద్దు అని చేతికిచ్చిన కాగితంలో వరసగా ఉంటుంది. ఇవన్నీ తీసేస్తే శాకాహారి కంచంలో మిగిలేది తెల్లన్నం, మజ్జిగ, నంజుకోవడానికి ఆవకాయ. అన్నిటికంటే ముందు తగ్గాల్సిన ఉప్పు మాత్రం కంచంలో అలాగే ఉండిపోయిందన్నమాట. మరోపక్క ఫోన్లో వచ్చే వీడియోలు ఇంకో పాట పాడతాయి: ఆకుల రసాలు, మొలకలు, కొబ్బరినీళ్ళు తీసుకుంటే కిడ్నీలు మళ్ళీ కొత్తవైపోతాయని. మొదటిది మనిషిని నీరసపెడుతుంది. రెండోది ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

కిడ్నీ వైద్యులు ప్రపంచమంతటా అనుసరించే కేడీగో అనే అంతర్జాతీయ సంస్థ మార్గదర్శకాలు 2024లో కొత్తగా వచ్చాయి. జంతువుల నుంచి వచ్చే ఆహారం తగ్గించి మొక్కల నుంచి వచ్చేది పెంచమని, ఫ్యాక్టరీలో తయారైన ప్యాకెట్ తిండి తగ్గించమని అవి చెబుతున్నాయి. కిడ్నీ జబ్బును ఐదు దశలుగా లెక్కిస్తారు, ఐదోది చివరిది; డయాలసిస్ అవసరం రాని మూడో దశ నుంచి ఐదో దశ వరకు ప్రొటీన్ రోజుకు కిలో బరువుకు 0.8 గ్రాములు ఉండాలని, జబ్బు ముదిరే ముప్పు ఉన్నవారు 1.3 దాటకూడదని కూడా ఉంది. పప్పు మానేయమని ఎక్కడా లేదు.

0.8 అంటే కంచంలో ఎంత

60 కిలోల మనిషికి 0.8 చొప్పున రోజుకు 48 గ్రాముల ప్రొటీన్. కాళ్ళవాపు ఉంటే ఆ నీటి బరువు తీసేసి లెక్కేయాలి. ఇప్పుడు మామూలు శాకాహార భోజనం ఒకటి కూడి చూద్దాం. రోజంతటికీ బియ్యం 200 గ్రాములు: 15 గ్రాముల ప్రొటీన్. పొద్దున మూడు ఇడ్లీలు, అందులో మినప్పప్పు 20 గ్రాములు, రవ్వ 50 గ్రాములు అనుకుంటే 9. కందిపప్పు 40 గ్రాములు: దాదాపు 9. రాత్రి రెండు చపాతీలు: 6. పెరుగు 150 గ్రాములు: 4.5. టీలోకి పాలు 100 మిల్లీలీటర్లు: 3. కూరలు పావుకిలో, ఒక పండు కలిపి 4. మొత్తం 50 చిల్లర. నూనె ఆరు చెంచాలు వేసుకుంటే కేలరీలు 1,800 దగ్గరికి వస్తాయి.

ఇందులో గమనించాల్సింది పప్పు వాటా కాదు, బియ్యం వాటా. కంచంలో అన్నిటికంటే ఎక్కువ ప్రొటీన్ ఇచ్చేది అన్నమే, కానీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మన శాకాహారి మామూలుగా తినే తిండే 0.8 దగ్గర ఉంటుంది కాబట్టి, అందులోంచి పప్పు తీసేస్తే మిగిలేది 40 గ్రాములు. ఆకలి మందగించిన మనిషికి అన్నం కూడా తగ్గితే అది 30కి దిగుతుంది. అప్పుడు శరీరం తన కండనే కరిగించుకుంటుంది. కండ తగ్గితే క్రియాటినిన్ కూడా కాస్త దిగుతుంది, ఎందుకంటే క్రియాటినిన్ పుట్టేదే కండలో. రిపోర్టు చూసి పప్పు మానేయడం పనిచేసిందని ఇంట్లోవాళ్ళు సంబరపడతారు. కిడ్నీ పనితనం మాత్రం వెంట్రుకవాసి కూడా మారి ఉండదు.

కొందరికి డాక్టర్లు 0.6 దాకా, ఇంకా తక్కువైతే కీటో అనలాగ్ మాత్రలు (అమైనో ఆమ్లాల లోటు పూడ్చేవి) జతచేసి 0.3–0.4 దాకా తగ్గిస్తారు. అది డైటీషియన్ పర్యవేక్షణలో చేసే పని. ఇంట్లో సొంతంగా చేసే ప్రయోగం కాదు.

బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో మెథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది. పప్పన్నం, ఇడ్లీ, పులగం, అన్నిట్లో జరిగేది ఇదే. రెండూ ఒకే ముద్దలో ఉండాలనేమీ లేదు, ఒకే రోజులో ఉంటే చాలు.

మొక్కల తిండితో ఏం మారుతుంది

మొదటిది ఆమ్లం. మాంసం, గుడ్డు, చీజ్ అరిగాక గంధకపు ఆమ్లం మిగులుతుంది, దాన్ని కిడ్నీయే బయటికి పంపాలి. పని తగ్గిన కిడ్నీ ఆ బరువు మోయలేక రక్తంలో బైకార్బొనేట్ (ఆమ్లాన్ని విరిచే క్షారం) 22 కంటే కిందికి జారుతుంది. ఎముక, కండ రెండూ దెబ్బతింటాయి. కూరగాయలు, పండ్లలో ఉండే సిట్రేట్, మాలేట్ లాంటివి ఒంట్లో క్షారంగా మారి దీన్ని సరిచేస్తాయి. 2013లో అమెరికాలోని టెక్సాస్ వైద్యులు నాలుగో దశ రోగులు 71 మందిని రెండు గుంపులు చేసి ఏడాదిపాటు చూశారు. ఒక గుంపుకు సోడియం బైకార్బొనేట్, ఇంకో గుంపుకు కూరగాయలు, పండ్లు. రెండు గుంపుల్లోనూ బైకార్బొనేట్ పెరిగింది. కూరగాయల గుంపులో పొటాషియం ప్రమాదకరంగా పెరగలేదు. అయితే వాళ్ళు ఎంచుకున్నది మొదటే పొటాషియం 4.6 దాటనివాళ్ళని. వీడియోల్లో ఈ షరతు ఎవరూ చెప్పరు.

ఇక్కడ మనకు పట్టే మెలిక ఒకటుంది. బియ్యం, గోధుమ కూడా కొంత ఆమ్లాన్నే మిగులుస్తాయి. మూడు పూటలా అన్నం, పచ్చడి, అప్పడం తిని, సాయంత్రం బజ్జీలు, బిస్కెట్లు తినే మనిషి శాకాహారే. కానీ పరిశోధనల్లో మేలు కనిపించిన శాకాహారం ఇది కాదు. అక్కడ పెద్ద భాగం కూరగాయలు, పప్పులు, పొట్టు తీయని ధాన్యాలది. పుట్టుకతో మాంసం ముట్టని ఇంట్లోవాళ్ళు ‘మేం ఎప్పుడూ శాకాహారులమే కదా’ అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

రెండోది పీచు. పేగులోని సూక్ష్మజీవులు ప్రొటీన్ మీద పడితే పుట్టే ఇండాక్సిల్ సల్ఫేట్, పి-క్రెసిల్ సల్ఫేట్ లాంటి విషాలను కిడ్నీలే వడకట్టాలి. పీచు దొరికితే ఆ జీవులు దాని మీదికి మళ్ళుతాయి. పీచువల్ల విరేచనం సాఫీగా అవుతుంది కూడా. కిడ్నీ తగ్గే కొద్దీ పొటాషియంలో ఎక్కువ భాగం పేగు దారినే బయటికి పోవాలి కాబట్టి మలబద్ధకం ఉన్నవారిలో అది పేరుకుంటుంది. ఐరన్, క్యాల్షియం మాత్రలు మలబద్ధకాన్ని పెంచుతాయి. పొటాషియం తగ్గడానికి ఇచ్చే క్యాల్షియం పాలిస్టైరిన్ సల్ఫొనేట్ పొడి కూడా అంతే. పండ్లూ కూరలూ మాన్పించి ఈ పొడి ఇచ్చి, మూడు రోజులుగా విరేచనం అయిందా లేదా అని అడగకపోతే వైద్యం సగమే అయినట్టు.

ఫాస్ఫరస్: పట్టికలో కనిపించనిది

పని తగ్గిన కిడ్నీ బయటికి పంపలేక రక్తంలో పేరుకునేవాటిలో ఫాస్ఫరస్ ఒకటి. 100 గ్రాముల పచ్చి కందిపప్పులో అది 300 మిల్లీగ్రాముల పైనే. ఆ అంకె చూసే పప్పును నిషేధిస్తారు. పట్టిక చెప్పేది గింజలో ఎంత ఉందో, రక్తంలోకి ఎంత చేరుతుందో కాదు. పప్పుల్లో, ధాన్యాల్లో ఫాస్ఫరస్ ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైమ్ మన పేగులో దాదాపు లేదు. అందుకే సుమారు 30 నుంచి 50 శాతమే ఒంటికి పడుతుంది. మాంసం, పాలల్లోది అంతకంటే ఎక్కువ పడుతుంది. ప్యాకెట్లలో కలిపే ఫాస్ఫేట్ ఉప్పులైతే 90 శాతం పైనే. 2011లో అమెరికాలో 9 మంది రోగులకు ఒక వారం మాంసాహారం, ఒక వారం శాకాహారం పెట్టి చూశారు. రెండింట్లో ఫాస్ఫరస్ సమానం. శాకాహార వారం రక్తంలో ఫాస్ఫరస్ తక్కువగా ఉంది. చిన్న అధ్యయనమే, కానీ లెక్క ఎటు మొగ్గుతుందో తెలిసింది.

కాబట్టి డబ్బాలోని పప్పును అనుమానించే ముందు ప్యాకెట్టు వెనక్కి తిప్పి చూడండి. మన దేశంలో కలిపిన పదార్థాలను ఐఎన్ఎస్ నంబర్లతో రాస్తారు. 338, 339, 340, 341, 450, 451, 452 ఇవన్నీ ఫాస్ఫేట్లే. కోలాల్లో 338, ప్రాసెస్డ్ చీజ్‌లో 339 లేదా 452, నూడుల్స్‌లో 451, 452 తరచుగా కనిపిస్తాయి. 340 అయితే ఫాస్ఫేటూ, పొటాషియమూ రెండూ. 508 పొటాషియం క్లోరైడ్. మాంసం రుచితో మొక్కల నుంచి చేసిన సాసేజ్‌లు, కబాబ్‌లు ఇప్పుడు దుకాణాల్లోకి వచ్చాయి. పేరుకి శాకాహారమే, ఉప్పు, ఫాస్ఫేట్ల విషయంలో వాటినీ ఇలాగే చదవాలి.

ఫాస్ఫరస్ తగ్గించే సెవెలమర్, క్యాల్షియం అసిటేట్ మాత్రలు పేగులో తిండితో కలిస్తేనే పనిచేస్తాయి. భోజనమైన గంట తర్వాత గుర్తొచ్చి వేసుకుంటే పెద్దగా లాభం లేదు.

పొటాషియం: రిపోర్టు చూశాకే కత్తిపీట

రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5.0 మధ్య ఉన్న మనిషి కూరలు ఉడికించి నీళ్ళు పారబోయనక్కర్లేదు. పారబోస్తే సి విటమిన్, బి విటమిన్లు, రుచి పోవడం తప్ప ఒరిగేదేం లేదు. మూడో దశలో చాలామంది ఈ అనవసరపు శిక్ష వేసుకుంటారు. 5 దాటి పెరుగుతుంటే జాగ్రత్త మొదలుపెట్టాలి. 5.5 దాటితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. 6 దాటితే ఆసుపత్రికి వెళ్ళాలి, ఒంట్లో ఏమీ తెలియకపోయినా సరే. గుండె లయ తప్పడానికి ముందు ఏ సూచనా ఉండకపోవచ్చు.

అంకె పెరిగిందంటే తప్పు కూరగాయలదే అనుకోకూడదు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు, స్పైరనోలాక్టోన్ పొటాషియాన్ని పెంచుతాయి. అదుపు తప్పిన షుగర్, తగ్గిన బైకార్బొనేట్, నొప్పి మాత్రలు కూడా పెంచుతాయి. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే దొంగ అంకె వస్తుంది, అప్పుడు మళ్ళీ పరీక్ష చేయిస్తారు. అయితే బీపీ మందు కిడ్నీని కాపాడేది కూడా, కాబట్టి దాన్ని సొంతంగా ఆపకూడదు.

ఇవన్నీ చూశాక తిండివైపు రావాలి. సొరకాయ, బీరకాయ 100 గ్రాములకు 150 మిల్లీగ్రాముల అటూఇటూ. క్యాబేజీ 170. పొట్లకాయ, దోసకాయ కూడా తేలికైనవే. బెండకాయ 300. బంగాళదుంప 420, చేమదుంప 590. తోటకూర, పాలకూర 550–600. పండ్లలో యాపిల్, అనాసపండు 110, బొప్పాయి 180, అరటిపండు 360. పుచ్చకాయ 112 అని చూసి మురిసిపోకూడదు, దాన్ని 100 గ్రాములు తిని ఆగేవాళ్ళు అరుదు. చింతపండులో 630 ఉంటుంది, కానీ నలుగురికి చేసే చారులో పడేది నిమ్మకాయంత, అంటే మనిషికి 30 మిల్లీగ్రాములు రాదు. చింతపండు మాన్పించి టమాటా పెంచడం లాభం లేని బేరం.

దుంపల దగ్గర చాలామంది చేసేది, ముక్కలు కోసి రాత్రంతా నీళ్ళలో వేసి ఉంచడం. బంగాళదుంప మీద చేసిన పరీక్షలో వట్టి నానబెట్టడంవల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉడికించి నీళ్ళు పారబోస్తే తేడా వచ్చింది: ముక్కలకు సగం, తురుముకు మూడొంతులు పొటాషియం పోయింది. కణం గోడ వేడికి పగలాలి, ముక్క సన్నగా ఉండాలి, నీళ్ళు ఎక్కువ ఉండాలి, ఆ నీళ్ళు పోవాలి. ఈ నాలుగింట్లో ఒకటి తప్పినా శ్రమ దండగ. చెక్కు తీసి పలచగా కోసి, ముక్కలకు నాలుగైదు రెట్ల నీళ్ళలో మూత లేకుండా పది నిమిషాలు ఉడికించి, వార్చి, అప్పుడు తాలింపు వేయాలి. ఆకుకూర అయితే తరిగి, మరిగే నీళ్ళలో వేసి, తీసి, పిండాలి. ఆవిరి మీద ఉడికిస్తే పొటాషియం ముక్కలోనే ఉంటుంది. వేపుడు సంగతి చెప్పనక్కర్లేదు.

అసలు పని పప్పు దగ్గర. 40 గ్రాముల కందిపప్పులో పొటాషియం సుమారు 550 మిల్లీగ్రాములు. కుక్కర్లో వేసి నాలుగు విజిల్స్ రానిస్తే ఒక్క మిల్లీగ్రాము కూడా ఎక్కడికీ పోదు, నీళ్ళన్నీ పప్పులోనే ఉంటాయి కదా. అందుకని రెండు మూడు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, పప్పుకు ఐదారు రెట్ల కొత్త నీళ్ళు పోసి, వెడల్పు గిన్నెలో ఉడికించాలి. గింజ వేళ్ళ మధ్య నలిగీ నలగని దశలో, ఇంకా పలుకుగా ఉండగానే, వార్చేయాలి. ఆలస్యమైతే పప్పు కరిగిపోయి, పారబోసే నీళ్ళతో ప్రొటీన్ కూడా పోతుంది. వార్చాక కాసిని వేడినీళ్ళు పోసి మెత్తగా ఉడికించి గుత్తితో ఎనిపితే ముద్దపప్పు ముద్దపప్పులాగే ఉంటుంది.

పొరపాటు జరిగేది ఆ తర్వాతే. వార్చిన నీళ్ళు మన వంటింట్లో పారబోసే వస్తువు కాదు. అది పప్పుకట్టు. దానికి చింతపండు, మిరియాలు చేర్చితే కట్టుచారు. రోగికి పప్పు వద్దన్నారు, పలచగా ఉంటుంది, తేలిగ్గా అరుగుతుంది అని ఆ చారే రెండు గ్లాసులు పోస్తారు. పప్పులోని ప్రొటీన్ గిన్నెలో ఉండిపోయి, పొటాషియం మాత్రం గ్లాసులోకి చేరుతుంది. కూరగాయల సూపులకూ ఇదే లెక్క. పొటాషియం పెరిగిన మనిషికి పప్పు పెట్టి కట్టు ఆపాలి. ఇళ్ళలో తరచు జరిగేది తలకిందులు.

కొబ్బరిబొండం, రసాలు, ఉప్పు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపు, కారణం ఇదమిత్థంగా తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఆ ప్రాంతమే కొబ్బరితోట. అక్కడ బొండం ఖరీదైన పానీయం కాదు, పెరట్లోది. కొబ్బరినీళ్ళలో 100 మిల్లీలీటర్లకు సుమారు 200–250 మిల్లీగ్రాముల పొటాషియం, 300 పట్టే బొండంలో 600 పైచిలుకు. రెండో దశలో, పొటాషియం 4 ఉండి, ఎండలో పనిచేసే మనిషికి ఒక బొండం విషం కాదు. నాలుగో దశలో 5.3 ఉన్నవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి మాత్రం అది తగదు. నాలుగైదు పండ్ల సారం ఒక్క గుక్కలో దించే రసాలదీ అదే తంతు, పీచు కూడా ఉండదు.

పచ్చి పాలకూర రసాలతో ఇంకో గొడవ. అందులో ఎక్కువగా ఉండే ఆక్సలేట్ కిడ్నీ గొట్టాల్లో స్ఫటికాలుగా గడ్డకట్టి, ఉన్న పనితనాన్ని కూడా పోగొట్టిన రోగుల వివరాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. స్టార్ ఫ్రూట్ అయితే పూర్తిగా నిషేధం. అందులోని విషం బయటికి పోక ఎక్కిళ్ళతో మొదలై, మూర్ఛ, మరణం దాకా వెళ్ళొచ్చు. గలిజేరు, కొండపిండి లాంటి ఆకుల కషాయాలు వాడుతుంటే కనీసం డాక్టరుకు చెప్పండి.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, తలగొట్టిన టీచెంచా కంటే తక్కువ. కూరలో చిటికెడు తగ్గించి, కంచంలో ఆవకాయ, పక్కన అప్పడం పెట్టుకుంటే లెక్క చెడిపోయినట్టే. అప్పడాల్లో ఉప్పుతోపాటు అప్పడాల ఖారం (సోడా) కూడా సోడియమే. నిమ్మరసం, అల్లం, ఇంగువ, వేయించిన జీలకర్ర, కొత్తిమీరతో నాలుక సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇంత చెప్పాక చాలామంది వెళ్ళి ‘తక్కువ సోడియం’ ఉప్పు కొంటారు. అందులో సోడియం తీసి నింపేది పొటాషియం క్లోరైడ్. ఇలాంటి ఉప్పు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో సూచించినప్పుడు కిడ్నీ జబ్బున్నవారిని అందులోంచి మినహాయించింది. అన్నట్టు, చక్కెర మానేసి బెల్లానికి మారినవాళ్ళు బెల్లంలో పొటాషియం ఉందని, చక్కెరలో లేదని గుర్తుంచుకోవాలి. షుగర్ ఉన్నవారికి రెండూ ఒకటే.

డయాలసిస్ మొదలైతే

లెక్క తిరగబడుతుంది. డయాలసిస్‌లో అమైనో ఆమ్లాలు కూడా కొట్టుకుపోతాయి కాబట్టి ప్రొటీన్ కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి 60–72. నిన్నటిదాకా తగ్గించమన్నవాళ్ళే ఇవాళ పెంచమంటే ఇంట్లో ఎవరూ నమ్మరు, భయంతో పాత కంచమే కొనసాగిస్తారు. వట్టి పప్పుతో ఆ అంకె చేరాలంటే పొటాషియం, నీళ్ళు రెండూ పెరుగుతాయి. సోయా ముక్కలు 30 గ్రాములు ఎండువి తీసుకుంటే 15 గ్రాముల ప్రొటీన్. మరిగే నీళ్ళలో నానబెట్టి రెండుసార్లు గట్టిగా పిండితే పొటాషియం కొంత పోతుంది. టోఫు పనికొస్తుంది. గుడ్డు తినేవారైతే తెల్లసొన ఒక్కోదానికి 3.5 గ్రాములు, ఫాస్ఫరస్ నామమాత్రం. వారానికి మూడు డయాలసిస్‌లలో ఒకచోట రెండు రోజుల ఎడం వస్తుంది. పొటాషియం, నీరు ఎక్కువగా పేరుకునేది అప్పుడే, ఎక్కువ కేంద్రాల్లో ఆ ఎడం ఆదివారాన్ని కలుపుకుని వస్తుంది. విందు భోజనాలూ ఆదివారాలే. కడుపు దారిన చేసే డయాలసిస్‌లో పొటాషియం రోజూ పోతుంటుంది కాబట్టి కొందరికి అరటిపండు తినమనే చెబుతారు.

కిడ్నీ మార్పిడి అయినవారు పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ ముట్టకూడదు, కొత్త కిడ్నీని ఒళ్ళు తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మోతాదు రక్తంలో పెరిగిపోతుంది. పచ్చి మొలకలూ వద్దు, వాటితో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఎక్కువ. పాలు, పెరుగు కూడా మానేసినవారికి బి12 మాత్ర తప్పదు, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వాడుతుంటే మరీను. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు ఒకరోజు గిన్నెడు, ఒకరోజు సున్నా అన్నట్టు కాకుండా రోజూ ఒకే మోతాదులో తినాలి.

డైటీషియన్ దగ్గరికి వెళ్ళేముందు మూడు రోజుల తిండి రాసుకెళ్ళండి, అందులో ఒకటి ఆదివారం ఉండాలి. ‘ఒక కప్పు పప్పు’ అని కాదు, ఇంట్లో ఎంతమందికి ఎన్ని గ్రాముల పప్పు పోశారో, నీళ్ళు వార్చారా లేదా, పచ్చడి ఎన్ని పూటలు, టీలు ఎన్ని. దాంతోపాటు చివరి రెండు రిపోర్టుల్లో పొటాషియం, ఫాస్ఫరస్, బైకార్బొనేట్, ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్). బైకార్బొనేట్ మామూలు కిడ్నీ ప్యాకేజీలో ఉండకపోవచ్చు, అడిగి రాయించుకోవాలి. ఆల్బుమిన్ తగ్గుతూ, బట్టలు వదులవుతూ ఉంటే ముందు మాట్లాడాల్సింది పొటాషియం గురించి కాదు, ఆకలి గురించి. కూరలు, పండ్లు పెంచాక రెండు నుంచి నాలుగు వారాల్లో పొటాషియం మళ్ళీ చూపించుకోవాలి. 5 లోపే ఉంటే తోటకూర పప్పు వారానికి ఒకసారి నుంచి రెండుసార్లు చేసుకోవచ్చు.